హేగ్ గుర్తించిన మూడు అడ్డులు

1856లో మద్రాసులో ఒక నివేదిక అచ్చయింది. గోదావరిలోనూ, దానిలో కలిసే కొన్ని నదుల్లోనూ పడవలు ఎంత దూరం పోగలవన్నది అందులోని విషయం. రాసినవాడు మద్రాస్ ఇంజనీర్ల దళంలో లెఫ్టినెంటు, పేరు ఎఫ్.టి. హేగ్. అప్పటికి నాలుగేళ్ళ ముందే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా కాలువల్లో పడవలు తిరుగుతున్నాయి. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ చూపు ఎగువకు మళ్ళింది. బేరారు పత్తి ఎడ్లబండ్ల మీద పడమటి తీరానికి పోయే బదులు నీళ్ళ మీద కాకినాడకు దిగిరావాలని ఆయన పట్టు. అందుకు దారి ఉందో లేదో నది మీదికి వెళ్ళి చూసి చెప్పే పని హేగ్‌ మీద పడింది.

ఈ సంగతిని మనవాళ్ళు కాటన్ కీర్తిలో ఒక పేరాగా చెబుతారు, లేదంటే దొరల పత్తి వ్యాపారంలో ఒక పేరాగా చెబుతారు. రెండూ నిజమే. నాకు దానిలో నచ్చేది మరొకటి. రాళ్ళూ సుళ్ళూ ఉన్న నీళ్ళ గుండా ఒక ప్రయాణాన్ని ఎలా రూపొందించాలో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద ఇంతకంటె మంచి నమూనా నాకు కనిపించలేదు. రిషికేశ్ ఎగువన గంగలోనో, మహారాష్ట్రలో కొలాడ్ దగ్గర కుండలికలోనో కయాకు నడిపి చేయి తిరిగినవాళ్ళు ఈ పథకాన్ని ముందు పెట్టుకుంటే, దాదాపు పదిహేడు దశాబ్దాల కింద తమ పనే ఇంకొకడు చేసి పెట్టాడని గుర్తుపడతారు. అతని పడవలు పెద్దవి, సరుకు పత్తి, జేబు కుంఫిణీది. మిగతా ఆలోచనంతా ఒక్కటే.

ముందు నది సంగతి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి కొండల మీంచి ఉరికే నది కాదు. వాలు ఎంతో తెలుసుకోవడానికి ఇప్పుడు పరికరాలు కూడా అక్కర్లేదు, బ్యారేజీల నిండు మట్టాలు చూస్తే చాలు. ఎల్లంపల్లి 148 మీటర్లు, సుందిళ్ల 130, అన్నారం 119, మేడిగడ్డ 100. అటూ ఇటూగా వంద కిలోమీటర్ల నదికి 48 మీటర్ల దిగుడు, అంటే కిలోమీటరుకు అర మీటరు. హిమాలయ నదుల్లో ఆడి వచ్చినవాడికి ఇది చెరువు కిందే లెక్క.

అయితే నది విషయంలో సగటును నమ్ముకుంటే మునుగుతాం. ఈ దిగుడు నది పొడవునా సమంగా పరచుకుని లేదు. మైళ్ళ కొద్దీ వెడల్పాటి మడుగులు, ఇసుక తిన్నెలు, అలికిడి లేని నీళ్ళు ఉంటాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి రాతి పరుపులు, గుండ్లు, చీలిపోయే పాయలు. దాటితే మళ్ళీ మడుగు. ప్రాణహిత–గోదావరి లోయలో నది చాలా దూరం మెత్తని ఇసుకరాతి పొరల మీద నడుస్తుంది. (ఆ పొరల్లోనే వేమనపల్లి ప్రాంతంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. వాటిని పేర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పడవవాడికి దీనితో పని లేదు గానీ, తాను ఎంత పాత నేల మీద తేలుతున్నాడో తెలిస్తే తప్పు లేదు.) మెత్తని రాతిని నీళ్ళు కోసుకుని వెడల్పు చేసుకుంటాయి. గట్టి రాయి అడ్డం పడిన చోట కోయలేక దాని మీదుగా, సందుల గుండా దొర్లుతాయి. ఆ దొర్లే చోట్లనే హేగ్ అడ్డులు అన్నాడు.

అతని లెక్కలో అవి మూడు. సముద్రం వైపు నుంచి ఎగువకు వస్తుంటే మొదటిది భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసిన చోటికి దిగువన, పాత కరీంనగర్ జిల్లా మహదేవపూర్ అడవుల అంచున ఇచ్చంపల్లి దగ్గర. మూడోది గోదావరిలో కాదు, ప్రాణహితలో. అహేరికి దిగువన దేవలమర్రి దగ్గర అది మొదలవుతుంది. ఎదుటి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. మూడింటిలో పొడవైనది ఇదే.

మూడు పేర్లు, మూడు చోట్లు. చదివితే తేలిగ్గా అనిపిస్తుంది. కానీ ధవళేశ్వరం నుంచి వార్ధా నది దాకా ఉన్న దూరంలో రాళ్ళున్న చోట్లు ఇంకెన్నో. పాపికొండల మధ్య నది ఇరుకవుతుంది, అక్కడ సుళ్ళకు పేర్లే ఉన్నాయి. శబరి కలిసే కూనవరం దగ్గర ఇంకో గడబిడ. తాలిపేరు, కిన్నెరసాని లాంటివి కలిసే ప్రతిచోటా రాళ్ళ మేట. నదిని చూడబోయినవాడు ఇవన్నీ మైలు మైలుకూ రాసుకుంటూ పోతే లావుపాటి పుస్తకం తయారవుతుంది. పడవవాడికి అది పనికిరాదు. ఎక్కడ జాగ్రత్తగా పోవాలి, ఎక్కడ అసలు పోకూడదు అన్న రెంటినీ వేరు చేసి పెట్టడం హేగ్ పనితనంలో నాకు మొదట కనిపించే గొప్ప. జాగ్రత్తతో గట్టెక్కే చోట్లన్నిటినీ అతను నదిలోనే వదిలేశాడు. ఎంత నేర్పున్నా ఎక్కిదిగే రెండు దారులూ మూసుకుపోయే చోట్లను మాత్రమే అడ్డులన్నాడు. ఆ గీత ఇప్పటికీ చెదరలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఇంజనీరూ దాని మీదే నడిచాడు.

అడ్డు ఎక్కడ మొదలవుతుందన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. కొత్తవాడు మొదటి రాయిని చూపిస్తాడు. తెలిసినవాడు దానికి ఎగువన చూస్తాడు, పడవను నిమ్మళంగా ఒడ్డుకు పట్టగలిగే ఆఖరి చోటు ఏదని. అది దాటాక ఇక నిర్ణయం నదిది. అందుకే కయాకులు నడిపేవాళ్ళ పటంలో రాళ్ళ కంటె ముందు రాళ్ళ వెనక ఆగే చోట్లకే గుర్తులుంటాయి. బండ పక్కన నీళ్ళు ఎదురుతిరిగి నెమ్మదించే మూలలు, ఒడ్డు వంపులు. దుమ్ముగూడెంలో ఆనకట్టను రాళ్ళ వరసకు ఎగువన, నిలకడ నీళ్ళ చివర కట్టారు. పడవ ఎడమ ఒడ్డున కాలువలోకి తిరగాల్సింది అక్కడే. రాళ్ళ మోత వినపడకముందే పడవవాడికి దారి మారిపోతుంది.

రెండో గొప్ప కాళేశ్వరం దగ్గర.

కాళేశ్వరం రేవులో నిలబడితే రెండు నదులు కలవడం కనిపిస్తుంది. పడమటి నుంచి వచ్చేది గోదావరి, ఉత్తరం నుంచి వచ్చేది ప్రాణహిత. పేరు గోదావరిది, నీళ్ళు ఎక్కువగా ప్రాణహితవి. త్ర్యంబకంలో పుట్టి మరాఠ్వాడా ఎండు నేలల గుండా వచ్చే గోదావరి, బాసర, ధర్మపురి, మంచిర్యాల, మంథని దాటి ఇక్కడికి చేరేసరికి ఎండాకాలంలో పాయగా మిగులుతుంది. ప్రాణహిత తీరు వేరు. వైన్‌గంగ, పెన్‌గంగ కలిసిన వార్ధా, మధ్య భారతపు వానలన్నీ అందులోకి వస్తాయి. దాని పేరున్న పొడవు 113 కిలోమీటర్లే. పరీవాహక ప్రాంతం మాత్రం లక్ష చదరపు కిలోమీటర్లు దాటుతుంది, మొత్తం గోదావరి బేసిన్‌లో మూడోవంతుకు పైగా. కాబట్టి ఎగువకు పోయే పడవ ఇక్కడ పేరును వదిలి నీటి వెంట పోవాలి. పథకం అలాగే కుడి చేతికి తిరిగి ప్రాణహితలోకి ఎక్కింది. ఇవాళ చూస్తే ఇది తెలిసిన సంగతే అనిపిస్తుంది. కానీ అప్పటి పటాల్లో గోదావరి పెద్ద గీత, ప్రాణహిత దానికొక కొమ్మ. పటాన్ని పక్కన పెట్టి నదిని నమ్మడం నేర్చుకున్నవాడి పని ఇది. ఆదిలాబాద్ జిల్లా తూర్పు అంచు ఈ కథలోకి వచ్చింది కూడా ఆ మలుపు వల్లనే.

రాజకీయం కూడా ఆ మలుపు వెంటే నడిచింది. 1860 ఒప్పందంలో నిజాం ప్రభుత్వం నది ఎడమ ఒడ్డున సిరోంచ, నుగూరు, అల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించింది. నది మీద పోయే సరుకుకు సుంకం లేకుండా పోయింది. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి అని ఒక జిల్లా పుట్టింది. పడవ దారి కోసం జిల్లాల గీతలే మారాయి. సర్కార్ల తెలుగుకూ తెలంగాణ తెలుగుకూ మధ్య ఉన్న ఆ అడవి ఒడ్డు ఈనాటికీ మూడు రాష్ట్రాల మధ్య ముక్కలుగా ఉండటానికి ఈ పడవ దారి కూడా ఒక కారణం.

ఇక అసలు విషయం నీటి మట్టం. నది పథకం రాసేవాడి నేర్పు బయటపడేది ఇక్కడే. ఇచ్చంపల్లి రాళ్ళను ఏప్రిల్‌లో చూసినవాడు ఎండిన పరుపు బండలను, వాటి మధ్య ఇరుకు పాయలను చూస్తాడు. అక్కడ పడవకు నీళ్ళు చాలవు. వాన ముదిరాక అవే బండల మీదుగా నీళ్ళు దూకి, కింద వెనక్కి తిరిగి, దూకినదాన్ని దూకిన చోటే తిప్పి తిప్పి పట్టుకుంటాయి. కయాకు వాళ్ళు అన్నిటికంటె ఎక్కువ భయపడేది ఆ తిరుగుడుకే. పెద్ద వరదలో బండలు లోతుకు పోతాయి, పైన నీళ్ళు నున్నగా కనిపిస్తాయి. కొత్తవాడికి అది దారిలా ఉంటుంది. కింద రాయి ఉన్న చోట పైన నీళ్ళు బుడగలా ఉబికి వస్తాయి, పక్కన కుంగుతాయి, ఆ రెంటి మధ్య పడవ పట్టు తప్పుతుంది. ఒకే రాయి, మూడు నదులు. ప్రపంచమంతా పడవవాళ్ళు ఇలాంటి చోట్లను ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా చెబుతారు. మట్టం చెప్పకుండా తరగతి ఒక్కటే చెబితే ఆ మాటకు విలువ లేదు.

ఈ నదుల్లో మట్టం ఎంత మారుతుందో భద్రాచలం వాళ్ళను అడగాలి. అక్కడ మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3. అదే జులైలో ఆదిలాబాద్ గుట్టల నీళ్ళు కడెం ప్రాజెక్టు మీదికి వచ్చినప్పుడు, దాని గేట్లు వదలగలిగిన సుమారు 3 లక్షల క్యూసెక్కులను దాటి 5 లక్షలకు పైగా వరద వచ్చింది. ఆనకట్ట నిలిచింది గానీ ఒడ్డున ఉన్నవాళ్ళు ఆ రాత్రిని మరచిపోరు. కడెం వాగు మీదే కుంటాల, పొచ్చెర జలపాతాలున్నాయి. కుంటాల ఎత్తు దాదాపు 45 మీటర్లు. అలాంటి చోట ఎవరూ పడవ వేయరు. కానీ ఆ జలపాతాల మధ్య వాగు ఒక మధ్యాహ్నం మోకాలి లోతుండి, ఎగువన వాన పడితే సాయంత్రానికి మనిషిని నిలవనీయదు. పెద్ద నదికి లేని తొందర చిన్న వాగుకుంది. ఈ తేడా తెలియకుండా పాత ఆదిలాబాద్ నీళ్ళలో పడవ ప్రయాణం రాయకూడదు.

మట్టం మీద నిర్లక్ష్యం ఏం చేస్తుందో దిగువన కచ్చులూరు చెప్పింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రా పడవ మునిగిన రోజు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కులు పారుతున్నాయి. అక్కడ నది ఇరుకు. ఆ సుడి కొత్తది కాదు, చుట్టుపక్కల వాళ్ళకు బాగా తెలిసిందే. తెలిసిన సంగతి పడవ ఎక్కే రేవు దాకా చేరలేదు, అంతే.

హేగ్ పథకం ఈ మట్టాల లెక్కను నెలల్లోకి మార్చింది. రాళ్ళ అడ్డులను పక్కన పెడితే, మిగిలిన నది ఏడాదిలో ఎన్ని నెలలు ఎంత లోతు పడవను మోస్తుందన్నదే దాని వెన్నెముక. అందుకే తక్కువ లోతున తేలే ఆవిరి పడవల మాట వచ్చింది. ఇవాళ్టి అనుభవజ్ఞులు అదే లెక్కను దినాల్లోకి, గంటల్లోకి దించుతారు. వాళ్ళు కోరుకునేది వరద దిగే కాలం, సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా. ఎక్కే నీటిలో ఒడ్డున ఆగే చోట్లు ఒక్కొక్కటే మాయమవుతాయి, వేళ్ళతో కొట్టుకొచ్చిన చెట్లు నది మధ్యలో పరుగెత్తుతాయి. దిగే నీటిలో ఇసుక తిన్నెలు బయటపడతాయి, ఒడ్డు దగ్గరవుతుంది. దిగే నీటికీ ఒక కుట్ర ఉంది. కొట్టుకొచ్చిన చెట్లు రాళ్ళ సందుల్లో ఇరుక్కుని కనపడకుండా ఉంటాయి, వాటి కొమ్మల గుండా నీళ్ళు పోతాయి, మనిషి పోలేడు. కాబట్టి నిరుడు సాఫీగా పోయిన పాయను ఈ ఏడాది మళ్ళీ ఒడ్డు మీంచి చూడాల్సిందే.

ఇంకా ఎగువకు చూడాలి. ఇప్పుడు ప్రాణహిత మట్టం దేవలమర్రి మీద పడే వానను బట్టి ఉండదు. భండారా జిల్లాలో వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరుగుతాయి. వార్ధా, పెన్‌గంగల మీద వేరే లెక్క. ఇచ్చంపల్లి దగ్గరకు వస్తే దీనికి ఇంద్రావతి తోడవుతుంది. అది ఒడిశా కలహండి కొండల్లో పుట్టి, చిత్రకోట జలపాతం దూకి, బస్తర్ అడవుల గుండా వస్తుంది. రెండు వేర్వేరు వానాకాలాలు అక్కడ కలుస్తాయి. కేంద్ర జల సంఘం ప్రాణహిత మీద టేక్రాలో, ఇంద్రావతి మీద పాతగూడెంలో, గోదావరి మీద పేరూరులో మట్టాలు కొలుస్తుంది. మంచి పథకంలో ఈ మూడు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. వాటి పక్కన ఇంకో అంకె ఇంటి దగ్గరే రాసి పెట్టుకోవాలి, ‘నీళ్ళు ఈ గుర్తు దాటితే దిగం’ అని. నది ఒడ్డుకు చేరాక, పడవలు దించాక, తోటివాళ్ళ ఉత్సాహం చూశాక తీసుకునే నిర్ణయాన్ని నేను నమ్మను. బల్ల ముందు చల్లగా కూచుని వేసుకున్న హద్దునే నమ్ముతాను.

ఇంత చెప్పాక, పేరు పడని వాళ్ళ గురించి చెప్పకపోతే తప్పు. హేగ్ రాకముందే ఈ నీళ్ళ మీద రాకపోకలున్నాయి. 19వ శతాబ్దం మొదట్లో హైదరాబాద్‌లోని విలియం పామర్ కంపెనీ గోదావరి ఒడ్డు టేకు మీద కన్నేసింది, కోరంగిలో ఓడలు కట్టడానికి. అడవి నుంచి కలప నీళ్ళ మీదనే దిగేది. పచ్చి టేకు బరువు, నీటిలో మునుగుతుంది. ఎండిన దుంగలను, వెదురును కలిపి తెప్ప కట్టాలి, ఆ తెప్పను రాళ్ళ మధ్య గడలతో నెట్టి తప్పించాలి. దొర పటంలో గీసిన గీతలు ఎక్కువ భాగం అలాంటి గడ పట్టినవాడు చెబితే తెలిసినవే అయి ఉంటాయి. నది తీరున ఏ సర్వేలోనైనా అలాగే జరుగుతుంది.

వాళ్ళ పనితనం చూడాలంటే పాత పుస్తకాలు తిరగేయాల్సిన పని లేదు. ప్రాణహిత రేవుల్లో నాటు పడవ నడిపే గంగపుత్రులను చూస్తే చాలు. ఎదుటి రేవు నేరుగా కనిపిస్తున్నా పడవ ముక్కును అటు తిప్పరు. ముందు ఒడ్డు వెంటే, నీళ్ళు నెమ్మదిగా ఉన్న చోట, ఎగువకు కొంత దూరం గడ వేస్తూ పోతారు. తర్వాత ముక్కును ఎగువకే ఉంచి, కాస్త ఏటవాలుగా, ప్రవాహంలోకి వదులుతారు. నది పడవను దిగువకు తోస్తుంటే ఆ తోపుతోనే పడవ అడ్డంగా జరుగుతుంది, సరిగ్గా రేవుకు చేరుతుంది. ఎక్కువ ఏటవాలు పెడితే కొట్టుకుపోతుంది, తక్కువ పెడితే జరగదు. కయాకు శిక్షణ శిబిరాల్లో డబ్బు కట్టి మొదటి వారం నేర్చుకునే విద్య ఇదే. ఇక్కడ మేనల్లుడు మేనమామ వెనక కూచుని నేర్చుకుంటాడు.

అడ్డుల దగ్గర హేగ్ ఏం చేయదలిచాడు? చేయి తిరిగిన పడవవాడు ఏం చేస్తాడో అదే చేయదలిచాడు. దిగి, పడవను చుట్టూ తిప్పి తీసుకుపోవడం. కయాకును భుజం మీద మోసుకుపోవచ్చు, పత్తి పడవను మోయలేం. కాబట్టి నదికే పక్కదారి వేయాలి. రాళ్ళకు ఎగువన రాతి ఆనకట్ట, ఒడ్డు వెంట కాలువ, కాలువలో లాకులు. లాకు అంటే రెండు తలుపుల గది. గదిని ఎగువ మట్టానికి నింపి పై తలుపు తీస్తే పడవ లోపలికి వస్తుంది. పై తలుపు మూసి కింద నీళ్ళు వదిలితే పడవ మెల్లగా మెట్టు దిగుతుంది. రాళ్ళ మీద నది ఒక్క గుక్కలో దూకే ఎత్తును పడవ గది గదిగా దిగుతుంది. రాళ్ళను పేల్చి దారి చేస్తే పోలేదా అనుకోవచ్చు. ఒక పాయను వెడల్పు చేస్తే నీళ్ళన్నీ అందులోకే లాగుకుని వేగం పెరుగుతుంది, ఎక్కేటప్పుడు పడవ ఎదురీదలేదు. రాయి అడ్డం ఉన్నందుకే దానికి ఎగువన మడుగు నిలుస్తోంది. అడ్డును తీసేస్తే మడుగూ పోతుంది. నదిని ఉన్నదున్నట్టు ఉంచి మనిషి పక్కకు తప్పుకోవడం ఈ పథకంలోని మూడో గొప్ప.

పని దిగువ నుంచి ఎగువకు సాగాలన్నది క్రమం. దుమ్ముగూడెం తెరిస్తే అక్కడిదాకా సామాను నీళ్ళ మీద వస్తుంది, దానితో ఇచ్చంపల్లి కట్టొచ్చు, అక్కడి నుంచి దేవలమర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు నిజంగానే లేచాయి. హేగ్ అక్కడే మకాం పెట్టాడు. 1860లో కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది కూడా అతని చొరవతోనే. (ఇంజనీరు ఒక చేత్తో లాకు తలుపులు, ఇంకో చేత్తో బైబిలు పట్టుకుని నిలబడ్డ ఆ కాలం మీద వేరే వ్యాసం రాయాలి.) సెంట్రల్ ప్రావిన్సెస్‌కు చీఫ్ కమిషనరుగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1863లో ఈ దారి మీద తన నివేదిక ఇచ్చాడు. అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైన రోజులవి. అందరి కళ్ళూ గోదావరి మీదే.

తర్వాత కథ తొందరగా చెప్పుకోవచ్చు. అడవి జ్వరాలకు కూలీలు నిలవలేదు. ఖర్చు అంచనాలు దాటింది. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పథకాన్ని ఆపేశారు.

దీనిలో తప్పెక్కడుందని నన్నడిగితే, నీళ్ళ మీద లేదంటాను. నదిని చదవడంలో హేగ్ ఎక్కడా తడబడలేదు. లోపం పథకపు నడకలో ఉంది. మూడు అడ్డులూ దాటితే తప్ప పత్తి దిగదు. ఒకటి కట్టి ఆపితే ఒక వంతు లాభం కూడా లేదు, రెండు కట్టినా అంతే. మధ్యలో ఎక్కడ ఆగినా నష్టమే మిగిలే ప్రయాణం అది. అనుభవమున్న పడవవాళ్ళు ఇలాంటి పథకాన్ని వెంటనే పక్కన పెడతారు. వాళ్ళు మొదట గుర్తు పెట్టేది ఎక్కడ ఎక్కాలన్నది కాదు, ఎక్కడెక్కడ దిగిపోవచ్చన్నది. ఆ లెక్కన చూస్తే ఇప్పటి నది హేగ్ నది కంటె మెరుగు. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చి సిరోంచ దగ్గర ప్రాణహితను, ముందుకు పోయి ఇంద్రావతిని దాటుతుంది. కాళేశ్వరం–సిరోంచ మధ్య గోదావరి మీద వంతెన ఉంది. దేవలమర్రి నుంచి దిగినవాళ్ళకు సిరోంచ దగ్గర బండి అందుతుంది. కాళేశ్వరంలో ఇంకోసారి ఆలోచించుకోవచ్చు. ఇచ్చంపల్లి దాటాక మాత్రం రెండు వైపులా అడవి. అక్కడ కాలు మెలిక పడినా ఆస్పత్రి చాలా దూరం. ప్రయాణంలో అన్నిటికంటె గట్టి నీళ్ళు, అన్నిటికంటె దూరమైన రోడ్డు ఒకే చోట రావడం ఈ నది స్వభావం. బృందంలో బలహీనమైన చేయి ఉంటే సిరోంచలోనే ఆపేయాలి.

నీళ్ళలో మనం ఒక్కళ్ళమే కాదు. మంథని, మంచిర్యాల మధ్య శివారం అభయారణ్యం మొసళ్ళ కోసమే పెట్టింది. ప్రాణహిత ఒడ్డున కృష్ణజింకల అభయారణ్యం ఉంది. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కడతాయి, వాటి కింద గుంపుగా కేకలు వేసుకుంటూ పోకూడదు. ఎడమ ఒడ్డున మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్. అటవీ శాఖలు వేరు, అనుమతులు వేరు. ఇసుక తిన్నె మీద రాత్రి మకాం చూడ్డానికి బాగుంటుంది. ఎగువన గేట్లున్న నదిలో తిన్నె మీద పడుకోవడం మాత్రం నిద్రపోతూ ప్రయాణం చేయడమే. ఒడ్డు మీద, ఎత్తున, చెట్ల గట్టు మీద పడుకోవాలి.

ఒక చిత్రం గమనించాను. పడవవాడికి అడ్డు అనిపించిన రాయే ఆనకట్ట కట్టేవాడికి పునాది. హేగ్ గుర్తించిన చోట్ల మీదికి ఇంజనీర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. ఇచ్చంపల్లి ప్రాజెక్టు మాట దశాబ్దాలుగా నలిగింది, రాష్ట్రాల మధ్య ముంపు తగవుల్లో ఆగింది. ఇప్పుడు గోదావరి–కావేరి అనుసంధానం పేరుతో మళ్ళీ అదే చోటు ముందుకొస్తోంది. దానికి ఎగువన ఇసుక మేట మీద లేచిన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. రాతిని వెతుక్కుంటూ తిరిగిన పాత సర్వేయరు మీద గౌరవం పెరగడానికి నాకు ఇదొక్కటి చాలు. అయితే రాతి మీద కట్టినదల్లా మంచిదని కాదు, నది లెక్కలు అంత తేలిగ్గా తేలవు.

మూడు అడ్డుల్లో మొదటిది ఇక పాత తీరున మిగలదు. దుమ్ముగూడెం పాత ఆనకట్ట నిలిచే ఉంది గానీ, దానికి కాస్త దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ పని పెట్టుకున్నారు. అది నిండితే దానికి ఎగువన ఉన్న రాళ్ళు మడుగు అడుక్కి పోతాయి. ఇచ్చంపల్లి ఢిల్లీ నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. దేవలమర్రికి ఎగువన, వార్ధా వైన్‌గంగ కలిసే తుమ్మిడిహెట్టి దగ్గర 152 మీటర్ల నిండు మట్టంతో బ్యారేజీ మాట ఎప్పటికప్పుడు లేస్తూనే ఉంది. అది వస్తే ప్రాణహిత మట్టం వాన చేతిలోంచి ఇంకా ఎక్కువగా గేట్ల చేతిలోకి పోతుంది. అంతవరకు హేగ్ చూసిన నీళ్ళను చాలావరకు అలాగే చూడగలిగేది మూడో అడ్డు దగ్గరే. చూడాలనుకునేవాళ్ళు దసరా దాటాక, నీళ్ళు దిగుతుండగా, ఆదిలాబాద్ వైపు ఒడ్డు పట్టుకుని నడవాలి. మొదటి రోజు పడవ వెంట తీసుకుపోవద్దు. పాయలు లెక్కపెట్టి, ఆగే చోట్లు రాసుకుని, రేవులో పడవ నడిపే పెద్దమనిషితో ఒక పూట కూచుని, టేక్రా మట్టం ఎంతుందో ఆ కాగితం మీదే పైన వేసుకోవాలి. పడవ సంగతి రెండో రోజు.